మడమలు తడిసేదాకా

మొదటి రోజు: జూన్ 29, క్యోతో

అమ్మ పోయి ఏడాది దాటింది. మే నెలలో తెనాలిలో సంవత్సరీకం జరిపించి, ఏటిసూతకం తీరిందనిపించుకున్నాము. ఆ ఏడాదంతా నేను గుడి మెట్టు ఎక్కలేదు. పొద్దున్నే వీధి చివర రామాలయంలో గంట మోగితే మా గుమ్మంలోంచే దణ్ణం పెట్టుకునేదాన్ని. కర్మ చేసిన తమ్ముడు నగోయాలో ఉద్యోగానికి తిరిగి వెళ్ళిపోతూ, "అక్కా, జూన్ ఆఖరుకు ఒక వారం నా దగ్గరికి రా. అక్కడివాళ్ళు మైలను ఎలా కడుక్కుంటారో చూద్దువుగాని" అన్నాడు. వాడు ఆ దేశంలో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాడు. భాష వచ్చు.

సూతకం తీరాక నేను మొదట అడుగుపెట్టే గుడి మన దేవుళ్ళది కాదన్న ఆలోచన విమానంలో కాసేపు కలవరపెట్టింది. విమానాశ్రయం నుంచి క్యోతోకు రైల్లో వస్తూ తమ్ముడితో ఆ మాటే చెప్పాను. జపాన్‌లోనూ ఇంట్లో మనిషి పోతే దాదాపు ఏడాదిపాటు 'మోచూ' పాటిస్తారని, ఆ జనవరికి కొత్త సంవత్సరం కార్డులు పంపరని, జపాన్ సొంత దేవతల మతమైన షింతో పద్ధతి పాటించే కుటుంబాలవారు యాభై రోజులు ఆలయ ద్వారం దాటరని వాడు చెప్పాడు. ఆ ద్వారం పేరు తోరీ. రెండు నిలువు స్తంభాలు, పైన రెండు అడ్డ దూలాలు, అంతే. తలుపు ఉండదు. తలుపు లేని గుమ్మానికి ఇవతల యాభై రోజులు ఆగిపోయే మనుషులున్నారని విన్నాక నా మనసు కుదుటపడింది.

మేము దిగిన బసకు నాలుగు ఇళ్ళ అవతల ఒక చిన్న ఆలయం ఉంది. సాయంత్రం సన్నటి వాన. తోరీ దాటగానే పక్కన నాలుగు స్తంభాల పందిరి, దాని కింద నాచు పట్టిన రాతి తొట్టి, కంచు డ్రాగన్ నోట్లోంచి అందులోకి పడుతున్న నీటి ధార. ఆ పందిరిని చోజుయా అంటారు. తొట్టి మీద అడ్డంగా పేర్చిన వెదురు బద్దలపై పొడుగు కాడల వెదురు గరిటెలు బోర్లించి ఉన్నాయి. వాటి పేరు హిషాకు.

మా కంటే ముందు ఒక ముసలావిడ వచ్చింది. గొడుగు స్తంభానికి ఆనించి, కుడి చేత్తో గరిటె తీసుకుని నిండా ముంచింది. ఎడమ చేయి కడిగింది. గరిటె ఎడమ చేతికి మార్చి కుడి చేయి కడిగింది. మళ్ళీ కుడి చేతికి మార్చి, ఎడమ అరచేతిలో కాసిని నీళ్ళు పోసుకుని నోరు పుక్కిలించి, చేయి అడ్డం పెట్టుకుని తొట్టికి బయట కిందకు ఉమ్మింది. గరిటెకు పెదవి తగలలేదు. ఎడమ చేయి మరోసారి తడిపింది. ఇదంతా ఒక్క గరిటెడు నీళ్ళతోనే. ఆ తర్వాత ఆవిడ చేసిన పని దగ్గర నా చూపు ఆగిపోయింది. అడుగున మిగిలిన రెండు గుక్కల నీళ్ళతో గరిటెను నిలువుగా ఎత్తి పట్టుకుంది. నీళ్ళు కాడ మీదుగా జారి, ఆవిడ వేళ్ళ సందుల్లోంచి పారి, కాడ చివర చుక్కలై రాలాయి. అప్పుడు గరిటెను ఉన్నచోటే బోర్లించి గొడుగు తీసుకుంది.

"కాడ ఎందుకు కడిగింది?"

"తను పట్టుకున్న చోటు కదక్కా. తర్వాత వచ్చేవాళ్ళ కోసం."

అరచేతిలో నీళ్ళు, నోటికి తాకించడం చూస్తే ఉద్ధరిణెతో ఆచమనం చేసే నాన్న గుర్తొచ్చారు. కానీ నాకు ఎక్కువ గుర్తొచ్చింది అమ్మ. మా గుమ్మం పక్కన నీళ్ళ గంగాళం, దాని మీద చెంబు ఎప్పుడూ ఉండేవి. బయటి నుంచి ఎవరు వచ్చినా కాళ్ళు కడుక్కోకుండా లోపలికి రానిచ్చేది కాదు. "ముందు పోసుకుంటే సరిపోదు, మడమలు తడవాలి, లేకపోతే శని పట్టుకుంటుంది" అనేది. చెంబును మళ్ళీ నింపి పెట్టకుండా లోపలికి వస్తే అందుకూ కేకలేసేది.

రెండో రోజు: జూన్ 30, కామిగామో

ఈ రోజు కోసమే తమ్ముడు నన్ను జూన్ ఆఖరుకు రమ్మన్నది. షింతోలో ఏడాదికి రెండుసార్లు, జూన్ ఆఖరి రోజునా డిసెంబరు ఆఖరి రోజునా 'ఓహారాయె' అనే మహాశుద్ధి జరుగుతుంది. వేసవిలో వచ్చేదాన్ని 'నగోషి నో హారాయె' అంటారు. ఆరు నెలలుగా ఒంటికి అంటినదంతా వదిలించుకుని మిగతా సగంలోకి వెళ్ళడం దీని ఉద్దేశం. మన మైలకు దగ్గరి మాట వాళ్ళకు 'కెగారె'. తప్పుకు మరో మాట ఉంది, 'త్సుమి'. చావు, రోగం, రక్తం కెగారె కిందికి వస్తాయి. వీటిలో ఎవరి నేరమూ లేదు, అయినా దుమ్ములాగా అంటుకుంటాయి. దుమ్మును ఎవరూ క్షమించరు, కడుగుతారు. అమ్మ పోయినప్పటి నుంచి ఆఖరి రోజుల్లో ఇంకేదో చేసి ఉండాల్సిందని నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. అందుకే ఈ తేడా నాకు చాలా పెద్దదిగా తోచింది.

పొద్దున మిఠాయి కొట్లన్నిటిలో మినాజుకి కనిపించింది. తెల్లటి బియ్యప్పిండి ముద్ద పైన తీపి ఎర్ర చిక్కుడు గింజల పొర, మూడు మూలలుగా కోసిన ముక్క. పూర్వం మంచు దాచిన గదుల నుంచి రాజాస్థానానికి వేసవిలో మంచుగడ్డలు వచ్చేవట. అవి అందని జనం మంచుముక్క ఆకారంలో దీన్ని చేసుకున్నారని చెబుతారు. రోజంతా ఉక్కగా ఉంది. ఆ ఊహ నిజంగానే చల్లగా తగిలింది.

మధ్యాహ్నం నగరానికి ఉత్తరాన ఉన్న కామిగామో ఆలయానికి వెళ్ళాము. ఆవరణలోకి రెండు సెలయేళ్ళు వచ్చి, హాషిదోనో అనే వంతెన మండపం దగ్గర కలిసి 'నారా నో ఒగావా' అవుతాయి. ఆలయం దాటాక అదే నీటి పేరు మ్యోజిన్ ఏరు. ఆ ఏటి వెంట వరుసగా పూజారుల పాత ఇళ్ళు ఉన్నాయి. మట్టి గోడలు, ప్రతి ఇంటికీ ఏటి మీద ఒక చిన్న రాతి వంతెన. గోడ కిందుగా ఒక తూము ఇంట్లోకి, మరో తూము బయటికి. పూజారులు శుద్ధి స్నానానికి ఏటి నీటిని తమ తోటలోకి తిప్పుకుని, మళ్ళీ ఏట్లోకే వదిలేవారు. దిగువన ఇంకో పూజారి ఇల్లు ఉంటుంది కాబట్టి ఆ నీటిని పాడుచేయడానికి వీల్లేదు. ఆ తూముల దగ్గర చాలాసేపు నిలబడ్డాను. నిన్నటి ముసలావిడ కడిగిన కాడే ఇక్కడ ఒక వీధి పొడుగునా కనిపించింది.

ఆవరణలో గడ్డితో పేనిన పెద్ద వలయం నిలబెట్టారు. దాన్ని చినోవా అంటారు. ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి, మళ్ళీ ఎడమకు తిరుగుతూ మూడుసార్లు దాటాలి. పచ్చి గడ్డి వాసన ఒంటికి అంటుకుంది. తర్వాత మనిషి ఆకారంలో కత్తిరించిన తెల్ల కాగితాలు ఇచ్చారు. వీటి పేరు హితోగాతా. పేరూ వయసూ రాసి, దానితో ఒళ్ళంతా తుడుచుకుని, మూడుసార్లు ఊపిరి ఊది అప్పగించాలి. నేను నా పేరు తెలుగులోనే రాశాను. రెండు అరచేతులూ తుడుచుకున్నాను. తమ్ముడు ఒక భుజం మీద చాలాసేపు రుద్దాడు. చితి చుట్టూ నీళ్ళు కారే కుండతో తిరిగిన భుజం అది. వాడికి ఆ సంగతి గుర్తు చేయలేదు.

చీకటి పడ్డాక ఏటి ఒడ్డున ఇనుప బుట్టల్లో కట్టెల మంటలు వెలిగించారు. తెల్ల బట్టల్లో పూజారులు వంతెన మండపంలో కూర్చుని ఓహారాయె మంత్రం చదివారు. అది 927లో పూర్తయిన 'ఎంగిషికి' అనే శాసన గ్రంథంలో ఉంది. తమ్ముడు ముందే చెప్పి ఉంచడం వల్ల నీటి కథ వచ్చే చోటు పోల్చుకోగలిగాను. కొండల మీది నుంచి దూకే ప్రవాహంలో సెయోరిత్సుహిమె అనే దేవత ఉంటుంది. ఆమె ఈ మైలనంతా సముద్రానికి మోసుకుపోతుంది. ఉప్పునీటి పాయలన్నీ సుడి తిరిగే చోట హయాఅకిత్సుహిమె దాన్ని గటగటా మింగేస్తుంది. ఇబుకిదోనుషి దాన్ని పాతాళానికి ఊదేస్తాడు. అక్కడ హయాససురాహిమె దాన్ని పట్టుకుని తిరుగుతూ తిరుగుతూ ఎక్కడో పోగొట్టేస్తుంది. నలుగురిలో ఎవరూ శిక్షించరు, లెక్కలు అడగరు. ఒకరు మోస్తారు, ఒకరు మింగుతారు, ఒకరు ఊదుతారు, ఆఖరి ఆవిడ పోగొడుతుంది. ఇంతకంటే దయగల ఏర్పాటు నేను ఎక్కడా వినలేదు.

మంత్రం అయ్యాక కాగితపు మనుషులను గుప్పిళ్ళతో ఏట్లోకి వదిలారు. మంటల వెలుతురులో వేలకొద్దీ తెల్ల కాగితాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ పోయాయి. ఇదే ఏటి సాయంకాలాన్ని చూసి పదమూడో శతాబ్దపు కవి ఫుజివారా నో ఇయెతాకా ఒక పద్యం చెప్పాడు. గాలికి ఆకులు కదులుతుంటే శరత్తు వచ్చేసినట్టుంది, ఇంకా వేసవే అనడానికి ఈ శుద్ధి స్నానమే గుర్తు అని దాని భావం. మా రెండు కాగితాలు ఎక్కడున్నాయో వెతికాను. దొరకలేదు.

మూడో రోజు: జులై 1, కిఫునె, షిమోగామో, ఒకాజాకి

పొద్దున కిఫునె. కొండ లోయలో ఉన్న జలదేవత ఆలయం. పూర్వం వానలు కోరితే నల్ల గుర్రాన్ని, వానలు ఆగాలంటే తెల్ల గుర్రాన్ని ఇక్కడ సమర్పించేవారు. ఇప్పుడు ఖాళీ కాగితం కొని నీళ్ళ మీద పరిస్తే అక్షరాలు తేలి జోస్యం చెబుతాయి. జనం చాలా ఎక్కువ. రాతి గోడలోంచి ఊరే నీళ్ళు రెండు దోసిళ్ళు తాగి వచ్చేశాము.

షిమోగామో ఆలయంలో మితరాషి కొలను ఎండకు మెరుస్తూ ఉంది. రాత్రి విన్న సెయోరిత్సుహిమెకు ఈ కొలను ఒడ్డునే చిన్న గుడి ఉంది. జులై చివర్లో జనం దీపం చేతపట్టి, బట్టలు మోకాళ్ళ పైకి ఎత్తుకుని ఈ నీళ్ళలో నడుస్తారు. ఆ పండుగకు ఇంకా మూడు వారాలుంది. కొలను అడుగు నుంచి పైకి వచ్చే బుడగలను చూసే మితరాషి దాంగో అనే పిండి ఉండలు పుట్టాయంటారు. పుల్లకు గుచ్చి, సోయా పాకం పూసి ఇస్తారు. బాగున్నాయి.

మధ్యాహ్నం క్యోతోలోనే ఉన్న ఒకాజాకికి వెళ్దామని నేనే పట్టుబట్టాను. అక్కడ గుడి కోసం కాదు. శుద్ధి గురించి రెండు రోజులుగా ఇంత సంతోషంగా రాసుకున్న మనిషిని, దాని రెండో వైపు చూడకుండా వెళ్ళిపోతే నాకు నేనే ముఖం చూపించుకోలేను. ఎంగిషికి ఆ చల్లని మంత్రంతోపాటు మైల లెక్కలు కూడా రాసిపెట్టింది. మనిషి చావుకు ముప్ఫై రోజులు, పురుటికి ఏడు రోజులు, మాంసం తింటే మూడు రోజులు. రోజులు లెక్కపెట్టే మైల కడిగితే పోతుంది. కానీ పశువుల కళేబరాలు తీసేవాళ్ళకు, తోలు పని చేసేవాళ్ళకు ఆ లెక్క పుట్టుక నుంచి చావుదాకా, తండ్రి నుంచి కొడుకుకూ సాగింది. వాళ్ళను పిలిచిన పేరుకు రాసే అక్షరాల అర్థమే 'చాలా మలినం' అని. 1871లో ప్రభుత్వం ఆ పేరును రద్దు చేసింది. మనుషుల మనసుల్లో అది అంత తొందరగా రద్దు కాలేదు. ఆడవాళ్ళ నెలసరి కూడా మైలే. ఈనాటికీ సూమో కుస్తీ బరిలోకి ఆడవాళ్ళను అడుగుపెట్టనివ్వరు. ఊరి చెరువు నీళ్ళు ఎవరు తాగాలో, ఎవరు దూరంగా నిలబడాలో నిర్ణయించిన నేల నుంచి వచ్చిన నాకు ఇందులో ఏదీ వింత కాదు. సిగ్గుతో తల దించుకోవాల్సిన పోలిక ఇది.

1922 మార్చి 3న ఆ జనమే ఒకాజాకిలోని పురపాలక సభామందిరంలో కూడి ఒక సంఘం పెట్టుకున్నారు. దాని పేరు సుయిహెయిషా. 'సుయి' అంటే నీరు, 'హెయి' అంటే చదును. నిలిచిన నీటికి ఎత్తుపల్లాలు లేనట్టే మనుషులంతా ఒకే మట్టంలో ఉండాలని ఆ పేరు. మానవ లోకంలో వెచ్చదనం ఉండాలి, మనుషుల మీద వెలుగు ఉండాలి అంటూ వాళ్ళ ప్రకటన ముగుస్తుంది. ఆ స్థలంలో ఇప్పుడు ఒక స్మారక శిల ఉంది. నా సీసాలో కిఫునె నీళ్ళు కాసిని మిగిలి ఉంటే ఆ రాతి మొదట్లో పోశాను. ఇది ఏ పద్ధతిలోనూ లేని పని. చేయాలనిపించింది, చేశాను.

రాత్రి రైల్లో ఇసెకు చేరాము.

నాలుగో రోజు: జులై 2, ఫుతామి, గెకు

పూర్వం ఇసె మహాక్షేత్రానికి వచ్చే యాత్రికులు తిన్నగా గుడికి వెళ్ళేవారు కాదు. ముందు ఫుతామి తీరంలో సముద్ర స్నానం చేసేవారు. తర్వాత బయటి ఆలయమైన గెకు, ఆ తర్వాత లోపలి ఆలయమైన నైకు. మేమూ ఆ వరుసే పాటించాము.

ఫుతామిలో తీరానికి కాస్త ఎడంగా రెండు రాళ్ళు ఉన్నాయి. ఒకటి 9 మీటర్లు, రెండోది 4 మీటర్లు. గడ్డితో పేనిన లావుపాటి తాళ్ళతో రెండింటినీ కలిపి కట్టారు. మెయొతో ఇవా అంటారు, ఆలుమగల రాళ్ళు. వేసవిలో పొద్దు ఎక్కువగా ఉండే రోజున తెల్లవారుజామున భక్తులు తెల్ల బట్టలతో ఈ నీళ్ళలోకి దిగి, రాళ్ళ మధ్య నుంచి వచ్చే సూర్యుడికి మొక్కుతారు. ఆలయం నిండా కప్ప బొమ్మలే. జపాన్ భాషలో కప్పకూ తిరిగి రావడానికీ ఒకే శబ్దం, కాయెరు. బయలుదేరినవాళ్ళు క్షేమంగా తిరిగి రావాలని కప్పలను మొక్కుబడిగా ఇస్తారు. అమ్మకు ఒంట్లో బాగాలేదని ఫోను వచ్చినప్పుడు తమ్ముడు ఈ దేశంలో ఉన్నాడు. వాడు దిగేసరికి ఆమె లేదు. వాడు ఆ కప్పల దగ్గర ఆగకుండా ముందుకు నడిచాడు.

గుడి దాటాక ఇసుక తీరంలో ఎవరూ లేరు. చెప్పులు విడిచి నీళ్ళలోకి నడిచాము. వాన నీటి మబ్బు, బూడిద రంగు సముద్రం, చీలమండలదాకా అలలు. అల వెనక్కి వెళ్తున్నప్పుడు తమ్ముడు సముద్రానికి వీపు పెట్టి తిరిగి నిలబడ్డాడు. తర్వాతి అల వచ్చి వాడి మడమలను తడిపింది. వాడు నా వైపు చూడలేదు, నేనేమీ అనలేదు. కాసేపటికి నేనూ అలాగే తిరిగి నిలబడ్డాను.

ఇసె ఆలయాలకు కావలసిన ఉప్పు కూడా ఇక్కడిదే. నైకు ముందు పారే ఇసుజు నది ఫుతామి దగ్గరే సముద్రంలో కలుస్తుంది. ఆ కలిసే చోట నదీజలం కలిసిన ఉప్పునీటిని జులై ఎండల్లో మడుల్లోకి పారించి, ఆరిన ఇసుక నుంచి ఉప్పు తీస్తారు. తర్వాత దాన్ని మూడు మూలల మట్టి మూసల్లో పోసి, కాల్చి గట్టిపరుస్తారు. నైవేద్యానికీ శుద్ధికీ ఆ గడ్డలే వాడతారు. మొన్న రాత్రి మంత్రంలో మైలను మింగే దేవత ఉండేది ఇలాంటి ఉప్పునీటి సుడుల్లోనే. మైల వెళ్ళి చేరే సముద్రం నుంచే శుద్ధికి ఉప్పు తిరిగి వస్తోంది. అంత్యక్రియల నుంచి ఇంటికి వచ్చినవాళ్ళు గుమ్మంలో ఒంటి మీద చల్లుకోవడానికి జపాన్‌లో చిన్న ఉప్పు పొట్లాలు ఇస్తారు.

గెకు అన్నపానాల దేవత తొయోఉకె ఆలయం. పదిహేను వందల ఏళ్ళుగా రోజుకు రెండు పూటలా ఇక్కడ దేవతలకు భోజనం పెడుతున్నారు. అన్నం, ఉప్పు, నీళ్ళు, చేప, సముద్రపు నాచు, కూరగాయలు, పండ్లు, సాకె అనే బియ్యపు మద్యం. దానికి నిప్పును కొయ్యను కొయ్యతో మథించి పుట్టిస్తారు. నీళ్ళను అడవిలోని ఒక బావి నుంచి ప్రతి తెల్లవారుజామునా పూజారి తోడి తెస్తాడు. ఆ బావి దగ్గరికి ఎవరినీ వెళ్ళనివ్వరు. దేవదారు చెట్ల మధ్య నిలబడి, అటువైపు చూసి వెనుదిరిగాము.

ఐదో రోజు: జులై 3, నైకు

ఆలయం తెల్లవారుజామున 5 గంటలకే తెరుస్తారు. ఆ వేళకు ఉజి వంతెన దగ్గర ఉన్నాము. పూర్తిగా కర్రతో కట్టిన వంతెన, పొడవు 101.8 మీటర్లు. ఇసెలో ప్రధానాలయాలను ఇరవై ఏళ్ళకోసారి పక్క స్థలంలో సరికొత్తగా కట్టి దేవతను అందులోకి మారుస్తారు. 690లో మొదలైన ఈ ఆచారంలో 2013లో జరిగినది 62వది. వచ్చేది 2033లో. వంతెన కూడా అలాగే ఇరవై ఏళ్ళకోసారి కొత్తదవుతుంది. దాని రెండు చివర్లా ఉన్న తోరీలు పాత ప్రధానాలయాల ముఖ్య స్తంభాలతో చేసినవి. ఇక్కడ ఏదీ పాతబడి మైలపడేదాకా ఆగరు. అలాగని పాత కొయ్యను పారేయరు. నీళ్ళలాగే కొయ్య కూడా ఒకరి తర్వాత ఒకరికి అందుతూనే ఉంటుంది.

వంతెన దాటి కుడికి తిరిగి కాస్త నడిస్తే నది ఒడ్డుకు రాళ్ళు పరిచిన మెట్లున్నాయి. తొకుగావా వంశపు ఐదో షోగన్ (సైనిక పాలకుడు) త్సునయోషి తల్లి కెయిషోఇన్ 1692లో ఈ రాళ్ళు వేయించిందంటారు. తొట్టి లేదు, గరిటె లేదు. నదే చోజుయా. ఆ ఒడ్డును మితరాషి అంటారు. నీళ్ళు మోకాటి లోతు. అడుగున గులకరాళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. అవతలి కొండ మీద పొగమంచు కదులుతోంది.

అక్కడ కూర్చునే తమ్ముడు ఇజనాగి కథ చెప్పాడు. 712లో రాసిన 'కొజికి'లో ఉన్న కథ. భార్య ఇజనామి ప్రసవంలో నిప్పు దేవుణ్ణి కని చనిపోతుంది. ఇజనాగి ఆమె కోసం మృతుల లోకానికి వెళతాడు. చూడవద్దన్నా దివ్వె వెలిగించి చూస్తాడు. ఆమె శరీరం పురుగులు పట్టి ఉంటుంది. పారిపోయి వచ్చి, దారికి బండరాయి అడ్డం పెట్టి, నది సముద్రంలో కలిసే చోట నీళ్ళలోకి దిగుతాడు. అదే మొదటి మిసోగి, మొదటి శుద్ధి స్నానం. ఎడమ కన్ను కడుక్కుంటే సూర్యదేవత అమతెరాసు పుట్టింది. కుడి కన్ను కడుక్కుంటే చంద్రుడు త్సుకుయొమి, ముక్కు కడుక్కుంటే తుఫానుల దేవుడు సుసనొఒ. నైకులో కొలువున్నది ఆ అమతెరాసే.

మనమూ శ్మశానం నుంచి వచ్చి స్నానం చేయనిదే ఇంట్లోకి రాము. ఇక్కడ శ్మశానం నుంచి వచ్చినవాడి కంటి నుంచి సూర్యుడే వచ్చాడు. భార్య పోయిన మనిషి కన్ను కడుక్కోవడం నుంచి వెలుగు పుట్టిందని ఊహించిన ఆ పాతకాలపు మనుషులు ఎంత ఏడ్చి ఉంటారో! నేను వంగి రెండు చేతులూ ముంచాను. నోరు పుక్కిలించాను. అది పద్ధతి. తర్వాత పద్ధతిలో లేకపోయినా తడి చేత్తో ఎడమ కన్ను తుడుచుకున్నాను.

పైన ప్రధానాలయం ముందు తెల్లటి తెర మాత్రమే కనిపిస్తుంది. రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, ఒకసారి వంగాలి. ఏడాది తర్వాత నేను దేవుడి ముందు నిలబడ్డాను. ఏమీ అడగలేదు.

ఆరో రోజు: జులై 4, త్సుబాకి

యొక్కాయిచి వరకు రైలు, అక్కడి నుంచి గంట బస్సు. సుజుకా కొండల కింద దేవదారు అడవిలో త్సుబాకి ఆలయం ఉంది. సరుతహికొ ఇక్కడి దేవుడు. స్వర్గం నుంచి దిగివచ్చిన దేవతలకు దారి చూపినవాడు. ఇక్కడ కొన్‌ర్యు మ్యోజిన్, అంటే బంగారు డ్రాగన్ దేవుడి జలపాతం కింద మిసోగి చేయడానికి ముందుగా అడిగితే విదేశీయులను కూడా రానిస్తారు.

ఆడవాళ్ళకు తెల్ల అంగీ, నుదుటికి తెల్ల పట్టీ ఇచ్చారు. మగవాళ్ళకు గోచీ, పట్టీ. మాతో మరో నలుగురు ఉన్నారు. నీళ్ళలోకి తిన్నగా దిగరు, ముందు ఒళ్ళు వెచ్చబడాలి. పొట్ట ముందు రెండు అరచేతులూ కలిపి పట్టుకుని గబగబా కుదిపాము. అది ఫురితమా, లోపలి ప్రాణాన్ని కదిలించడం. తర్వాత తొరిఫునె. ఎడమ కాలు ముందుకు వేసి, లేని పడవకు లేని తెడ్లు వేస్తూ "ఎయ్" అని అరవడం. తర్వాత గట్టి కేకలు, దీర్ఘ శ్వాసలు. ఈ వరుసను ఇప్పటి రూపంలోకి తెచ్చినవాడు కవాత్సురా బొంజి, 1862లో పుట్టి 1929లో పోయిన షింతో సాధకుడు. పూజారి మా మీద ఉప్పు చల్లాడు. ఉప్పు కలిపిన సాకె నోట్లో పోసుకుని ఊసేశాము.

జలపాతం పెద్దది కాదు. కింద నిలబడే చోటు ఒక మనిషికే సరిపోతుంది. వరుసలో నా ముందున్న పెద్దావిడ దిగేముందు రెండు చేతులతో నీళ్ళు తీసుకుని ఛాతీకి అద్దుకుంది. నేనూ అలాగే చేశాను. కాలు పెట్టగానే చీలమండ ఎముకలు నొప్పి పుట్టాయి. భుజం మీద నీళ్ళు పడగానే ఊపిరి ఆగింది. చెప్పమన్న మాటలు "హరాయె తమాయె, కియొమె తమాయె, రొక్కొన్ షోజో". మైల తొలగించు, శుభ్రం చేయి, ఆరు ఇంద్రియాలు నిర్మలం కానీ అని అర్థం. మొదటిసారి గొంతు రాలేదు. రెండోసారి అరిచాను. మూడోసారికి ఆ అరుపు నాదని కూడా తెలియలేదు, నీళ్ళ చప్పుడూ అదీ ఒకటయ్యాయి. తలలో ఏడాదిగా తిరుగుతున్న ఆసుపత్రి గది, ఆ ఆఖరి రాత్రి, "ఇంకో డాక్టరుకు చూపించి ఉంటే" అన్న మాట, వాటిలో ఒక్కటీ ఆ కాసేపు లేదు. అవి ఎక్కడికి వెళ్ళాయని వెతకాలన్నా తల పనిచేయలేదు.

బయటికి వచ్చేసరికి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. తమ్ముడు ఇంకా లోపలే ఉన్నాడు. వాడు మంత్రం చెప్పడం లేదు. "అమ్మా" అంటున్నాడు. నీళ్ళ హోరులో ఆ మాట నాకు తప్ప ఎవరికీ తెలియదు. పూజారికి వినిపించినా ఆపలేదు.

బట్టలు మార్చుకునే గదిలో ఆ పెద్దావిడ తన అంగీ పిండి, మడతలు విదిలించి, దండేల్లాంటి కర్రల మీద ఆరేసింది. నాది ముద్దగా పడేయబోతుంటే ఆగమని చేయి ఊపింది. ఒక కొస తను పట్టుకుని రెండో కొస నాకిచ్చింది. ఇద్దరం చెరోవైపు మెలితిప్పి పిండాము. నీళ్ళు రాతి నేల మీద పడి, గోడ కింది తూములోంచి వాగులోకి పోయాయి. పట్టీని కూడా విప్పి, నీళ్ళలో జాడించి, తర్వాత వచ్చేవాళ్ళ కోసం ఆవిడ చూపించిన చోట ఆరేశాను.